ఉప్పు బజారు సందు

ఈ ఫోటో తీసి 150 ఏళ్లు దాటింది. స్కాట్లండ్ దేశంలో గ్లాస్గో అనే పెద్ద పట్నం ఉంది. అందులో సాల్ట్‌మార్కెట్ అని ఒక వీధి. అంటే ఉప్పు బజారు. ఆ వీధిలోంచి లోపలికి పోయే సందు ఇది. థామస్ ఆనన్ అనే ఆయన తీశాడు. అప్పుడు విక్టోరియా రాణి పాలన నడుస్తోంది.

ఫోటోను బాగా చూడండి. రెండు పక్కలా ఎత్తయిన గోడలు. నడుమ ఇరుకు దారి. తల ఎత్తితే ఆకాశం గుడ్డ పీలికంత కనిపిస్తుంది. కిటికీల్లోంచి కర్రలు బయటికి పెట్టి బట్టలు ఆరేశారు. అవి ఎవరు ఉతికారో చెప్పాలా?

కొందరు మనుషులు మసక మసకగా ఉన్నారు. అప్పట్లో గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీయాలి. సందులో వెలుతురు తక్కువ. కెమెరాను చాలాసేపు తెరిచి ఉంచాలి. కదలకుండా నిలబడ్డవాళ్లు తేటగా పడ్డారు. కదిలినవాళ్లు పొగలాగా పడ్డారు. పిల్లలు ఊరికే నిలబడతారా మరి!

ఇంత ఇరుకులో ఎందుకున్నారు? 1845 నుంచి కొన్నేళ్లు ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంటకు తెగులు తగిలింది. కరువొచ్చింది. కూలికోసం జనం గ్లాస్గోకు వలస వచ్చారు. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. అద్దె కట్టలేక, ఆ గదిలోనే ఇంకొకరికి చోటిచ్చేవాళ్లు.

1862లో ఒక చట్టం వచ్చింది. చిన్న ఇళ్ల తలుపులకు రేకు బిళ్లలు కొట్టారు. లోపల ఎంతమంది ఉండొచ్చో దానిమీద రాసి ఉంటుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఇద్దరుంటే ఒకరికింద లెక్క. అర్ధరాత్రి అధికార్లు వచ్చి తలుపు కొట్టేవాళ్లు. లెక్కకు మించినవాళ్లు మంచాల కింద, అల్మారాల్లో దాక్కునేవాళ్లు. పగలంతా పనిచేసి వచ్చినవాళ్లకు రాత్రి నిద్ర కూడా లేదన్నమాట.

అన్నిటికంటే పెద్ద బాధ నీళ్లు. మురికి నీళ్లు తాగి కలరా వచ్చేది. 1853, 54 సంవత్సరాల్లో గ్లాస్గోలో దాదాపు 4 వేలమంది కలరాతో చనిపోయారు. అప్పుడు పట్నం పెద్దలు కొండల్లో ఉన్న కత్రిన్ సరస్సు నుంచి నీళ్లు తేవాలనుకున్నారు. అది 50 కిలోమీటర్ల పైనే దూరం. సొరంగాలు తవ్వారు. గొట్టాలు వేశారు. పల్లానికి పారే నీళ్లు గనక యంత్రాలతో తోడే పని లేదు. 1859లో విక్టోరియా రాణి వచ్చి నీళ్లు వదిలింది. 1866లో మళ్లీ కలరా వచ్చింది. ఈసారి గ్లాస్గోలో వందమంది కూడా చనిపోలేదు.

ఆ ఏడే ఇంకో చట్టం చేశారు. ఇరుకు సందుల్ని కూల్చేయాలన్నారు. కూల్చే ముందు గుర్తుగా ఉంటాయని 1868లో ఆనన్‌తో ఫోటోలు తీయించారు. చాలా ఫోటోలకు సందు నంబరూ, వీధి పేరూ ఉన్నాయి. నిలబడ్డవాళ్ల పేర్లు లేవు.

సందులు కూలాయి. వీధులు వెడల్పయ్యాయి, గాలి వచ్చింది. అది మంచిదే. కానీ కూల్చినంత తొందరగా ఇళ్లు కట్టలేదు. మొదట కొన్ని సత్రాలు కట్టారు. సాల్ట్‌మార్కెట్‌లో కొత్త ఇళ్లు వచ్చేసరికి 20 ఏళ్లు పట్టింది. వాటి అద్దె పాత సందులవాళ్లు కట్టలేనిది. వాళ్లు అప్పటికే మూటలు సర్దుకుని పక్క సందుల్లోకి పోయారు. ఆ సందులు ఇంకా ఇరుకయ్యాయి.