పంకా రెక్కల మీద పేరు

"ఇంత పని చేస్తం గదా అక్కా, మా పేరు ఒక్కసారన్న చదివిండ్రా?" ఇచ్చోడ దిక్కు చర్చిలల్ల ఆడోళ్లు నలుగురు కూసుంటే ఈ మాట రాక మానదు. ఆ బాధ ఉత్తదని నేననను చెల్లె. క్రిస్మస్ ముంగట చర్చి కడిగి, రాత్రంత బియ్యమేరి, తెల్లారి బగారా వండినోళ్ల పేర్లు ఎవరూ చదవరు. పంకా ఇచ్చినాయన పేరు మాత్రం మూడు రెక్కల మీదా ఉంటది. తిరుగుతుంటే అది కూడ చదవరాదు, ఆ ముచ్చట వేరే!

యేసు ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి యోహాను సువార్త 13వ అధ్యాయంల ఉన్నది. కాళ్లు కడుగుడు మనకు కొత్తనా? ఇంటికొచ్చినోళ్లకు చెంబుతోని నీళ్లిస్తం, కడుక్కునేది వాళ్లే. పెండ్లిల అల్లుని కాళ్లు కడుగుతం, అది ఆయన పెద్దరికానికి. అంటే మనం వంగేది పైకి చూసే. ప్రభువు వంగింది తన కింది వాళ్ల ముంగట. 2013ల పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌ల పిల్లల జైలుకు పోయి ఖైదీల కాళ్లు కడిగిండు. అండ్ల ముస్లిం పిల్ల కూడ ఉన్నది.

అంత దూరం ఎందుకు, మన 44వ నంబరు రోడ్డు పట్టుకొని నిర్మల్, ఆర్మూర్ దాటితే డిచ్‌పల్లి. 1907ల స్కాట్లాండ్ నుంచి మన దేశమొచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె పెనిమిటి జార్జి పాదిరి కలిసి 1915ల అక్కడ కుష్ఠు రోగులకు దవాఖాన పెట్టిండ్రు. పైసలిచ్చినోళ్లల్ల నిజామాబాద్ నర్సాగౌడ్ ఉన్నడు, ఆయన హిందువు. దవాఖానకు ఈళ్ల పేర్లేవీ పెట్టలే, విక్టోరియా రాణి పేరు పెట్టిండ్రు.

ఆ రోగంల కాళ్లకు స్పర్శ పోతది. ముల్లు గుచ్చినా, నిప్పు తగిలినా తెల్వదు, పుండయితది. అందుకే దినాం కాళ్లు నీళ్లల్ల నానబెట్టాలె, కడగాలె, నూనె రాయాలె, కట్టు కట్టాలె. ఊరు వెళ్లగొట్టినోళ్ల కాళ్లు అవి. డాక్టరమ్మకు 1923ల సర్కారు కైసర్-ఎ-హింద్ పతకమిచ్చింది, అది పుస్తకాలకెక్కింది. గిన్నె పట్టుకొని పుండ్లు కడిగినోళ్ల పేర్లు నీకు తెలుసా, నాకు తెలుసా?

ఇప్పుడు మన సేవ చూడు. దవాఖానల పండ్లు పంచుతం. ఒక్క అరటిపండుకు నాలుగు చేతులు, అందరి చూపు ఫోను దిక్కు. మంచం మీదామె కొంగు సదురుకునేలోపు ఫొటో అయిపోతది, సాయంత్రానికి స్టేటస్‌ల ఆమె మొఖం. ఆమెను ఎవరన్న అడిగిండ్రా? పండు మనమిచ్చినం, పరువు ఆమె పోగొట్టుకున్నది. నాకైతే గర్వం కంటే ఇదే పెద్ద తప్పనిపిస్తది.

ఇంకో మాట. తగ్గింపు అంటే ఇంట్ల తన్నులు పడుడని ఎవరన్న చెప్తే నమ్మకు. ప్రభువు తనంతట తనే తువ్వాల నడుముకు కట్టుకున్నడు, ఎవరూ బలిమి చెయ్యలే. చర్చిల చీపురు ఎప్పుడూ ఆడోళ్ల చేతులనే ఉంటే, ఒకనాడు మగోళ్లకు అందియ్యి. పేతురు ముందుగాల తన కాళ్లు కడగనియ్యలే, గుర్తున్నదా? మనం గూడ జరమొచ్చినప్పుడు పక్కింటామె గంజి తెస్తే "వద్దు, వద్దు" అంటం. తీసుకో చెల్లె. చేయించుకునుడు చేసుడు కంటే కష్టం.

కుష్ఠుకు ఇప్పుడు సర్కారు దవాఖానల మందులు ఉత్తగనే ఇస్తరు. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడాలె. మీ వాడల ఏ ఆడామె ఒంటి మీదనన్న స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనబడితే దవాఖానకు ఎంబడి పో, లైన్‌ల ఆమె పక్కన నిలబడు. ఆదివారం కూటంల ప్రార్థన మనవి అని ఆమె పేరు మాత్రం చెప్పకు.