ఏటిగట్టున ఎత్తుమేడలు

మానవుడు నీటికొరకు నది చెంతకు చేరెను. అచ్చటనే ఊరు కట్టుకొనెను. కాని నదికిని ఒక ఇల్లు గలదనియు, వర్షకాలమున అది తన ఇంటినిండ విస్తరించుననియు అతడు పలుమారు మరచుచున్నాడు. ఇందులకు హైదరాబాదు చరిత్రమే నిదర్శనము.

మూసీనది అనంతగిరి కొండలలో పుట్టి, నగరము నడుమగా ప్రవహించి, వాడపల్లికడ కృష్ణలో కలియుచున్నది. వేసవిలో సన్ననిపాయగ కన్పట్టు ఈ నది 1908 సెప్టెంబరు 28వ తేదీన ఉగ్రరూపము దాల్చెను. వేలకొలది జనులు అసువులు బాసిరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికి బయటపడిరని చెప్పుదురు.

పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాను పురస్కరించుకొని మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరమును, దాని ఉపనదియగు ఈసీపై 1927లో హిమాయత్‌సాగరమును నిర్మించిరి. ఇవి వరదను నిలుపుటయేగాక, నగరమునకు త్రాగునీటి నొసగినవి. వీని చుట్టును 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, పెద్ద కట్టడములను నిషేధించుచు 1996లో ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తర్వును వెలువరించెను. 2022లో ఆ ఆంక్షలను తొలగించుచు మరియొక ఉత్తర్వు వెలువడెను.

ఈలోగా నగరము పడమరకు ప్రాకెను. ఒకప్పుడు పొలములు, తోటలు నుండిన నార్సింగి, మంచిరేవుల ప్రాంతములలో నేడు ముప్పది, నలువది అంతస్తుల మేడలు లేచుచున్నవి. 2006 నాటి కట్టడపు నిబంధనలు, స్థలమునుబట్టి ఇంత వైశాల్యమునకు మించి కట్టరాదను పరిమితిని తొలగించినవి. రోడ్డు వెడల్పును, చుట్టును విడువవలసిన ఖాళీని బట్టియే ఎత్తు నిర్ణయమగుచున్నది.

ఇట్టి చోట్ల నివసించువారికి గల భయములేవి? నాలుగు కుటుంబములుండిన స్థలమున నాలుగువందల కుటుంబములు చేరినచో, నీరు అన్నిరెట్లు కావలయును, మురుగు అన్నిరెట్లు పారును, వాహనములు పెరుగును. రోడ్డు మాత్రము వెనుకటిదే! మట్టినేల వాననీటిని త్రాగును; సిమెంటు నేల దానిని పల్లమునకు త్రోయును. ఆ పల్లము నదియొడ్డుననే యున్నది. జలాశయముల తలుపులెత్తిననాడు మంచిరేవులకడ నదిని దాటు త్రోవ మునిగి, రాకపోకలు స్తంభించుట అచ్చటివా రెరిగినదే. 2020 అక్టోబరునందలి కుండపోతకు నగరమున అనేక కాలనీలు జలమయమైనవి.

అయినను, మేడ కట్టుటయే నేరమనరాదు. బ్రతుకుతెరువుకై వచ్చువారికి ఇండ్లు కావలయును. ముందుగ వచ్చినవారు వెనుక వచ్చువారిని కాదనుట న్యాయము కాదు. పైకి కట్టి, నేలను నిజముగ ఖాళీగ విడిచినచో మేడ మేలే చేయును. ఎంత ఎత్తనుట ఒక్కటియే ప్రశ్న కాదు. ఎచ్చట కట్టుచున్నారు? నీరెచ్చటినుండి వచ్చును? మురుగెచ్చటికి పోవును? వీనికి సమాధానము పునాది త్రవ్వకముందే చెప్పవలయును. అడుగుట పౌరుల హక్కు. చెప్పుట అధికారుల విధి. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనిన ఫలమేమి?

విద్యార్థులారా! ఆ చింతచెట్టు నేటికిని నిలిచియున్నది. హైదరాబాదు పోయినపుడు దానిని చూడుడు. నది తన త్రోవను మరువదను పాఠమును అది మౌనముగ బోధించుచున్నది.

ప్రశ్నలు
1. 1908 నాటి వరద పిమ్మట చేపట్టిన నిర్మాణములేవి? వాని ప్రయోజనములేవి?
2. ఎత్తుమేడలను గూర్చి నదీతీరవాసులకు గల భయములను వివరింపుము.
3. మీ ఊరి చెరువు లేక యేటి గట్టున వచ్చిన మార్పులను పెద్దల నడిగి వ్రాయుము.