సైకిలు నేర్పిన స్త్రీలు

వేసవి సెలవులు వచ్చాయంటే బీదరు జిల్లా సంతపూర్ వంటి ఊళ్ళలో పిల్లలకు సైకిలే ఆట. ఒకరు ఎక్కితే మరొకరు వెనుక సీటు పట్టుకొని పరుగెత్తుతారు. ఇలా నేర్పే పనే ఉద్యమంగా సాగిన జిల్లా ఒకటి ఉంది.

తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1991లో అక్షరాస్యతా ఉద్యమం ఆరంభమయింది. అప్పటి కలెక్టరు షీలారాణీ చుంకత్. చదువు చెప్పే స్వచ్ఛంద సేవకులలో స్త్రీలు ఎందరో ఉండేవారు. పొరుగూరికి వెళ్ళాలంటే వారు బస్సు కోసమో, ఇంటి మగవారి కోసమో ఎదురు చూడవలసి వచ్చేది. అందుచేత అక్షరాలతోపాటు సైకిలు తొక్కడం కూడా నేర్పారు. నేర్చుకున్నవారు మరికొందరికి నేర్పారు. దారిలో వేళాకోళాలు వినవలసి వచ్చినా వారు మానలేదు.

ఆడవారి సైకిళ్ళు చాలలేదు. మగవారి సైకిళ్ళే తొక్కారు. కొందరికి అవే నచ్చాయి. ముందున్న బారు మీద పసిబిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు కదా! బహిరంగ సైకిలు ప్రదర్శనలలో, పోటీలలో 70,000 మందికి పైగా స్త్రీలు పాల్గొన్నారు. నీళ్ళ బిందెలు, పొలం పంట, బడికి వెళ్ళే పిల్లలు అన్నీ ఆ సైకిళ్ళపైనే సాగాయి. బస్సు కోసం కాచుకొనే పని తప్పింది.