పైన సౌర ఫలకాలు, కింద పైరు: రైతు ఒప్పుకుంటాడా?

ఒకే చేలో పంటనూ సౌర విద్యుత్తునూ తీయడమే అగ్రివోల్టాయిక్స్. 1980ల తొలినాళ్లలో జర్మనీ శాస్త్రవేత్తలు గోట్జ్‌బెర్గర్, జాస్ట్రో దీన్ని ప్రతిపాదించారు. మన దేశంలో దీనికి దారి 2019 నాటి పీఎం-కుసుమ్ పథకం (కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ). ఇందులోని ‘ఎ’ విభాగం కింద సాధారణంగా 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల ప్లాంట్లు పెట్టవచ్చు. బీడు భూములకే ప్రాధాన్యం. సాగుభూమి అయితే కింద సేద్యం సాగేలా ఫలకాలను ఎత్తైన స్తంభాలపై అమర్చాలి. విద్యుత్ కొనుగోలు ఒప్పందం 25 ఏళ్లు.

గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో అసలు చిక్కు ఆ 25 ఏళ్ల దగ్గరే. ఇక్కడ పత్తి, మిరప వేసేవారిలో కౌలు రైతులు ఎందరో. 2019 నాటి రాష్ట్ర పంట సాగుదారుల హక్కుల చట్టం కింద వారి ఒప్పందం 11 నెలలే. ఫలకాల అద్దె భూయజమానికి వెళ్తుంది, నీడ మాత్రం కౌలుదారు పైరుపై పడుతుంది. పైగా 2004 నుంచి సాగుకు ఉచిత విద్యుత్ ఉండటంతో సొంత కరెంటుపై ఆసక్తి తక్కువే.

పత్తికి నిండు ఎండ కావాలి. మిరప సంగతి వేరు కావచ్చు: అమెరికాలోని అరిజోనాలో ఫలకాల నీడన చిల్టెపిన్ అనే అడవి మిరప మూడింతలు కాసిందని 2019లో పరిశోధకులు ప్రకటించారు. అది ఎడారి, మనది కాదు. ఎల్‌సీఏ మిరప రకాలను అందించిన గుంటూరు లాం పరిశోధన కేంద్రంలో ముందు మన మిరపను ఫలకాల నీడన పండించి చూసే పరీక్ష జరగాలి, తర్వాతే రైతును భూమి అడగాలి.