నాటక చరిత్ర చదువుకు రెండెకరాలు అమ్మాలా?

పోయినేడు జూన్‌లో నందికొండ హిల్ కాలనీ నుంచి ఒక తండ్రి తన కూతురిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అమ్మాయి బీఏ రెండో ఏడాది. "సార్, బిడ్డ లండన్‌ల నాటకాల చరిత్ర చదువుతనంటది. కన్సల్టెన్సోళ్లు ముప్పై లక్షలైతయన్నరు. రెండెకరాలు బేరం పెట్టిన. చదివినంక సినిమాలల్ల ఛాన్సొస్తది గదా?" అన్నాడు. కూతురు తల వంచుకుని కూర్చుంది.

చాలా ఇళ్లలో నాటకం మాటెత్తితేనే ఇంత ఎత్తున లేస్తారు. ఈయన భూమి అమ్మడానికే సిద్ధపడ్డాడు. బిడ్డ మీద అంత ప్రేమ ఉన్న తండ్రినే తేలిగ్గా ముంచుతారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు అమ్మాయిని అడిగాను, ఈ చదువు మీద మనసెట్లా పడిందని. "ఎనిమిదో తరగతిల అనుపుకు తీస్కపోయిండ్రు సార్. అక్కడ మెట్ల నడుమ నిలవడి చప్పట్లు కొట్టినం. రోమన్ల స్టేడియం లెక్క కట్టిండ్రని చెప్పిండ్రు. ఇంటికొచ్చి బొమ్మలు చూస్తే రోమన్లది కోలగ ఉంది, గ్రీకులది సగం చక్రం లెక్క ఉంది. మనది నలుపలకలు. మరి రోమన్లదెట్లయితది?"

ఆ ప్రశ్నే ఈ చదువు. నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్లలో మునగకముందు, 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో నాలుగు వైపులా మెట్లతో ఆ ప్రాంగణం బయటపడింది. దాన్ని నీటికి అందకుండా అనుపులో మళ్లీ కట్టారు. అదే లోయలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. కొమ్ముపాత్ర పట్టుకున్న గడ్డపు మనిషి శిల్పం ఒకటి దొరికితే, గ్రీకుల దేవుడు డయొనైసస్‌లా ఉందన్నారు. గ్రీకు నాటకం పెరిగింది ఆ దేవుడి ఉత్సవాల్లోనే. అంతమాత్రాన ఆ మెట్లు పడమటి దేశాల నుంచి వచ్చాయని తేల్చగలమా? అక్కడ నాటకాలాడారా, కుస్తీలు పట్టారా, పండితులు వాదించుకున్నారా? ఒక్కొక్కరు ఒక్కో మాట అంటారు. దొరికిన ఆధారం ఎంతవరకు చెబుతుందో అంతవరకే చెప్పడం నేర్పేది రంగస్థల చరిత్ర.

యూరప్ నాటకానిదీ అదే దారి. 1545లో ఇటలీలోని పదువాలో ఎనిమిది మంది నటులు కూడి ఒక ఒప్పందం రాయించుకున్నారు. వచ్చిన డబ్బు పంచుకోవాలి, కంపెనీకి ఒక గుర్రం కొనాలి, ఎవరికైనా జబ్బు చేస్తే అందరూ కలిసి చూసుకోవాలి. ముసుగులు పెట్టుకుని, రాసిన మాటలు లేకుండా అప్పటికప్పుడు కల్పించి ఆడే ఇటలీ నాటకపు చరిత్ర మొదలుపెట్టేది ఇలాంటి కాగితాలతోనే. ఆ పాత్రల్లో పిసినారి ముసలాయన, తిండిపోతు నౌకరు ఏ ఊరికి పోయినా వాళ్లే. మన ఊళ్లకు వచ్చే పగటివేషగాళ్లను చూసిన పిల్లకు ఈ సంగతి ఇట్టే పట్టుబడుతుంది. లండన్‌లో షేక్‌స్పియర్ నాటకశాల గ్లోబ్ కట్టింది 1599లో, ఫిరంగి నిప్పు అంటుకుని కాలిపోయింది 1613లో. 1997లో దాన్ని మళ్లీ కట్టి, ఆనాటి దుస్తులతో, పగటి వెలుతురులో ఆడి చూశారు. పాత నటనా పద్ధతులను శరీరంతో పరీక్షించడమూ ఈ చదువులో భాగమే.

ఈ చదువును సినిమాతో ముడిపెట్టడమే తల్లిదండ్రుల మొదటి పొరపాటు. ఈ చదువు లైబ్రరీలో, రిహార్సల్ గదిలో, మ్యూజియంలో సాగుతుంది. కెమెరా ముందు నిలబడే ధైర్యం రావచ్చు, రాకపోవచ్చు. సినిమా అవకాశం ఆశ చూపి మూడు నెలల యాక్టింగ్ కోర్సుకు లక్షలు గుంజే ఇన్‌స్టిట్యూట్లు హైదరాబాద్‌లో గల్లీకొకటి ఉన్నాయి. ఫొటోలకు వేరే డబ్బు, షోరీల్‌కు వేరే డబ్బు. అక్కడ గ్రీకు నాటకం పేరు కూడా వినపడదు. ఇంకో వల కూడా ఉంది. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్‌ఎస్‌డీ) ప్రవేశానికి క్రాష్ కోర్సులట. రెండు మోనోలాగులు బట్టీ పట్టించి పంపుతారు. ఎంపిక చేసేవాళ్లు పిల్లవాడు ఇంతకుముందు ఏం చేశాడో చూస్తారు, ఏం వల్లించాడో ఒక్కటే కాదు. ఎంసెట్ ర్యాంకు కోసం పదహారేళ్ల పిల్లల్ని హాస్టల్ గదుల్లో కుక్కి నిద్ర లేకుండా చేసిన అలవాటే ఇక్కడికీ వస్తోంది. ఇది నాకు బొత్తిగా సహించదు.

లండన్ సంగతి. ఏడాది మాస్టర్స్‌కు ఫీజు, గది అద్దె, తిండి కలిపితే ముప్పై లక్షలు దాటడం మామూలే. చదువు తర్వాత పని చేసుకునే వీసా గడువును 2027 జనవరి నుంచి రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గించారు. ఇంజినీరింగ్ చదివినవాడే ఆ గడువులో అప్పు తీర్చలేక అవస్థ పడుతుంటే, నాటక చరిత్ర చదివిన పిల్ల ఎట్లా తీరుస్తుంది? పై చదువుకు యూరప్ పోవాల్సిందే, గ్లోబ్ గడప తొక్కాల్సిందే, కానీ కామన్వెల్త్, చీవ్‌నింగ్, ఇన్లాక్స్, ఎరాస్మస్ వంటి స్కాలర్‌షిప్ మీదే పోవాలి. దరఖాస్తులో చూపడానికి నాలుగైదేళ్ల పని ఇక్కడే పోగు చేసుకోవాలి.

ఆ పని మొదలుపెట్టడానికి శేరిలింగంపల్లి చాలు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక కుటుంబాలు అక్కడున్నాయి. రంగుల తెరలు, పక్క తెరలు, తీగల మీద గాలిలో ఎగిరే పాత్రలు, ఎదురెదురుగా వచ్చి ఢీకొనే బాణాలు. యూరప్‌లో ఇటువంటి చిత్రపుతెరల, యంత్రాల రంగస్థలం చూడాలంటే 1766లో కట్టిన స్వీడన్‌లోని ద్రోట్నింగ్‌హోమ్ రాజభవనపు నాటకశాల వంటి చోటుకు పోవాలి. ఆ తెరల పద్ధతి ఇంగ్లండ్ నుంచి బొంబాయి పార్శీ నాటక కంపెనీలకు, వాళ్ల నుంచి మనకు చేరింది. సురభివాళ్లను అడిగి, తెర వెనక నిలబడి తీగ లాగే చేతిని గమనిస్తే పుస్తకంలో పది పేజీలకు సరిపడా తెలుస్తుంది. 1880లో కందుకూరి వీరేశలింగం షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను 'చమత్కార రత్నావళి'గా మలిచి విద్యార్థులతో ఆడించారు. యూరప్ నాటకం తెలుగులోకి ఎట్లా వచ్చిందన్నది పీహెచ్‌డీకి చక్కటి అంశం. అది రాయగలిగేది తెలుగు వచ్చినవాళ్లే.

చేరడానికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయంలోనూ ఉంది. ఎన్‌ఎస్‌డీ మూడేళ్ల డిప్లొమాకు డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాల్లో పనిచేసిన అనుభవం అడుగుతారు, స్టైపెండ్ ఇస్తారు. వయసు, తేదీలు ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోండి.

నేను ముందుగా చెప్పేది మాత్రం వేరే చోటు. నారాయణపేట, మక్తల్, గద్వాల వైపు కన్నడం వచ్చిన పిల్లలుంటే కర్ణాటకలోని హెగ్గోడుకు పంపండి. అక్కడ నీనాసం అనే సంస్థ ఉంది. 1949లో పల్లెటూరి నాటక సమాజంగా మొదలైంది, 1980లో శిక్షణ కేంద్రం పెట్టింది. షేక్‌స్పియర్‌నూ జర్మన్ నాటకకర్త బ్రెష్ట్‌నూ ఊరివాళ్ల కోసం కన్నడంలో ఆడిన చోటు. పది నెలల్లో అక్కడ పిల్లలు పాడతారు, చదువుతారు, వంతులవారీగా ఊడుస్తారు. పల్లె పిల్లకు పట్నం బెరుకు లేకుండా ప్రపంచ నాటకం పరిచయమయ్యే చోటు ఇంత దగ్గరలో ఇంకొకటి నాకు కనపడలేదు.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. తక్కువ. యూజీసీ నెట్ పరీక్షలో డ్రామా, థియేటర్ సబ్జెక్టు ఉంది. అందులో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలతో పరిశోధన చేసుకోవచ్చు. పెద్ద స్కూళ్లలో డ్రామా టీచర్లు, దుస్తులు, లైటింగ్, అనువాదం, మ్యూజియం పని ఉన్నాయి. పదేళ్లు ఓపిక పట్టాలి. అందుకే అప్పు ఉండకూడదంటున్నాను. చేతిలో బీఈడీయో, ఫ్రెంచో జర్మనో ఉంటే ఆ పదేళ్లు తిండికి లోటుండదు. భాషలకు హైదరాబాద్‌లోనే ఇఫ్లూ విశ్వవిద్యాలయం ఉంది.

ఆ తండ్రి ఇదంతా విని చివరికి ఒక్కటే అడిగాడు. "అయితే భూమి అమ్మొద్దా సార్?" వద్దన్నాను. ఈ మార్చిలో అమ్మాయి ఒక్కతే వచ్చింది. ఇప్పటికి రెండు నాటకాలయ్యాయట, రెండోదానిలో దుస్తులు కుట్టే పని చేసిందట. నోటుబుక్కు తీసి చూపించింది. అనుపు మెట్లను టేపుతో కొలిచి, వరుసవరుసగా రాసుకుంది. పక్కన వాళ్ల నాయిన చేతిరాతలో కూడా కొన్ని అంకెలున్నాయి. టేపు అటు చివర పట్టుకుంది ఆయనేనట.