పేరున్న వర్తకుడు – పెరిగిన ధర: క్రీడాకారుల కార్డుల హర్రాజుపై ఒక పరిశీలన

వర్తకంలో నమ్మకానికీ ధరకూ ఉన్న సంబంధం అర్థశాస్త్రంలో పాత విషయమే. తెలుగులో 'పరపతి' అన్న మాటకు అప్పు పుట్టగల శక్తి అనీ, నలుగురిలో ఉన్న పలుకుబడి అనీ రెండర్థాలూ ఉన్నాయి. ఉర్దూలోని 'సాఖ్' అన్న పదం కూడా ఈ రెండింటినీ కలిపే చెబుతుంది. మన పూర్వులు వీటిని వేరువేరుగా చూడలేదన్నమాట. కాని కొనేవాడు అమ్మేవాడి ముఖమైనా చూడని చోట, సరుకును చేత్తో పట్టి చూసే వీలే లేని చోట, ఈ పరపతి ఎంతవరకు పనిచేస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఆర్థికవేత్తలకు అమెరికాలోని ఒక చిత్రమైన బజారు ప్రయోగశాలగా ఉపయోగపడింది. అది బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలు అచ్చువేసిన అట్టముక్కల బజారు.

మన పాఠకుల్లో చాలామందికి ఈ కార్డుల సంగతి కొత్త గనుక ఒకటి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. మన పిల్లలు ఒకప్పుడు అగ్గిపెట్టె బొమ్మలు పోగుచేసినట్లే, అమెరికా పిల్లలు ఆటగాళ్ళ బొమ్మలు పోగుచేసేవారు. మొదట సిగరెట్టు పెట్టెలతోను, తరువాత చూయింగ్ గమ్ పొట్లాలతోను ఇవి ఉచితంగా వచ్చేవి. పిల్లలు వాటిని జేబుల్లో నలిపారు, పారవేశారు. నలగకుండా మిగిలినవి అరుదైపోయి, పెద్దల చేతుల్లో పెట్టుబడులుగా మారాయి. 1952లో టాప్స్ కంపెనీ అచ్చువేసిన మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే ముద్రణలోని నలిగిన ప్రతికి ఇందులో స్వల్పభాగం కూడా రాదు. అంటే ఇక్కడ విలువ బొమ్మలో కంటె దాని స్థితిలో ఉన్నది. నాలుగు మూలలు పదునుగా ఉన్నవా, అంచులు అరిగినవా, పైభాగంపై గీతలు పడినవా, బొమ్మ సరిగా మధ్యకు వచ్చినదా అన్నవి చూసి 1 నుండి 10 వరకు మార్కులు వేసే సంస్థలున్నాయి. వాటిలో ప్రసిద్ధమైన పీఎస్‌ఏ 1991లో పని ప్రారంభించింది. రుసుము చెల్లించి కార్డు పంపితే మార్కు వేసి, దానిని ప్లాస్టిక్ పెట్టెలో సీలుచేసి తిరిగి ఇస్తారు. ఈ పరీక్షకు పోని కార్డును అక్కడి వర్తకులు పచ్చి కార్డు అంటారు. తొమ్మిదికీ పదికీ మధ్య తేడా భూతద్దంలో తప్ప కనిపించదు. ధరలో మాత్రం ఆ తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత!

ఇటువంటి బజారుకు సహజంగా ఉండే జబ్బును 1970లో జార్జి అకెర్లాఫ్ వివరించాడు. ఆయన తీసుకున్న ఉదాహరణ పాత మోటారు కార్లు. కారు లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు గనుక కొనేవాడు సగటు ధరకు మించి ఇవ్వడు. ఆ ధరకు మంచి కారు గలవాడు అమ్మడు. మంచివి ఒక్కొక్కటే బజారు విడిచిపోగా చివరకు చచ్చువే మిగులుతాయి. ఈ కృషికే ఆయన 2001లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. కొనేవాడికి జరిగే మోసం అందరికీ కనిపిస్తుంది. నిజాయితీగా అమ్మేవాడికి జరిగే నష్టాన్ని లెక్కలోకి తెచ్చినది అకెర్లాఫ్. అతని మంచి సరుకుకు తగిన ధర పలకదు. ఎందుకంటే అది మంచిదని నమ్మించే దారి అతనికి లేదు.

1995లో అమెరికాలో పియర్ ఒమిడ్యార్ ఆరంభించిన ఇంటర్నెట్ హర్రాజు, తరువాత ఈబే అన్న పేరుతో ప్రపంచ ప్రసిద్ధమైనది, ఈ చిక్కునే ఎదుర్కొన్నది. మరుసటి సంవత్సరం ఆయన ఒక ఉపాయం పెట్టాడు. కొన్నవాడు అమ్మినవాడి గురించి మంచి, చెడు, మధ్యస్థం అని అభిప్రాయం వ్రాస్తాడు. మంచి అంటే ఒకటి కలుస్తుంది, చెడు అంటే ఒకటి తగ్గుతుంది. ఆ మొత్తం అంకె వర్తకుడి పేరు ప్రక్కనే అందరికీ కనిపిస్తుంది. మన విద్యార్థులు ఫోనులో ఏ వస్తువు కొనబోయినా ముందు నక్షత్రాలు లెక్కపెట్టడం చూస్తూనే ఉన్నాం. ఆ అలవాటుకు మూలపురుషుల్లో ఈ అంకె ఒకటి. అయితే 1999 నాటి లావాదేవీలను రెస్నిక్, జెక్‌హౌసర్ అనే పండితులు పరిశీలించగా, కొన్నవారిలో సుమారు సగం మందే అభిప్రాయం వ్రాశారనీ, వ్రాసినవారిలో నూటికి 99 మంది మంచే వ్రాశారనీ తేలింది. బజారంతా అంత పుణ్యాత్ములతో నిండి ఉన్నదనుకోవడం కష్టం. ఆ రోజుల్లో అమ్మేవాడు కూడా కొన్నవాడిపై చెడు వ్రాయగలిగేవాడు. ప్రతీకారానికి జంకి ఊరుకున్నవారు ఉండవచ్చు. 2008లో ఈబే అమ్మేవారి నుండి ఆ అధికారాన్ని తొలగించింది.

ఇక అసలు ప్రయోగానికి వద్దాం. జింజర్ జిన్, ఆండ్రూ కాటో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈబేలో పచ్చి బేస్‌బాల్ కార్డులను తామే కొన్నారు. కొన్నవాటిని మార్కులు వేసే సంస్థకు పంపి వాటి నిజమైన స్థితిని తెలుసుకున్నారు. ఆ విధంగా అమ్మేవాడు చెప్పిన మాట, అతని పేరు ప్రక్కనున్న అంకె, పలికిన ధర, సరుకు నాణ్యత అనే నాలుగింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడగలిగారు. 2006లో ప్రకటించిన ఈ ఫలితాలు ఆలోచింపజేసేవి. "ఇది తొమ్మిది, ఇది పది" అని గొప్పగా చెప్పుకున్న కార్డులకు ఎక్కువ ధర పలికింది. నాణ్యత మాత్రం ఎక్కువ లేదు. పైగా అటువంటి మాటలు నమ్మినవారే ఎక్కువగా మోసపోయారు. డబ్బు పుచ్చుకొని సరుకు పంపనివారు, నకిలీ పంపినవారు అటువంటివారిలోనే ఎక్కువ.

మంచి పేరున్న వర్తకుల సంగతేమిటి? వారు నమ్మశక్యంకాని గొప్పలు చెప్పడం తక్కువ. డబ్బు తీసుకొని మొండిచేయి చూపడమూ తక్కువే. అంతవరకు ఆ అంకె సార్థకమే. కాని సరుకు సక్రమంగా చేరి, అసలైన కార్డే అని తేలిన సందర్భాలను మాత్రమే తీసుకుంటే, పేరున్నవాడు పంపిన కార్డు పేరులేనివాడి కార్డు కంటె మెరుగుగా లేదు! ఈ వాక్యం వద్ద విద్యార్థులు కొంచెం ఆగాలని మా మనవి. పరపతి ఇక్కడ జవాబిచ్చినది "సరుకు చేరుతుందా?" అన్న ప్రశ్నకు. కొనేవాడు దానిని "సరుకు మేలైనదేనా?" అన్న ప్రశ్నకు జవాబుగా తీసుకున్నాడు.

ఎందుకిలా జరుగుతుంది? అభిప్రాయం వ్రాసేవాడికి తెలిసినంతే ఆ అంకెలోకి ఎక్కుతుంది. పొట్లం వేళకు వచ్చిందా, బొమ్మలో చూపిన కార్డే వచ్చిందా అన్నవి ఎవరికైనా తెలుస్తాయి. అది ఏడో తొమ్మిదో సామాన్య గ్రాహకుడి కంటికి తెలియదు. తెలియని లోపంపై ఫిర్యాదు వ్రాసేదెవరు? మరొక సంగతి. కార్డు నిజంగా పదికి పది తూగేదైతే, రుసుము కట్టి పరీక్షకు పంపి ముద్ర వేయించుకోక, దానిని పచ్చిగా ఎందుకు అమ్మజూపుతున్నాడన్న అనుమానం కొనేవాడికి రావాలి. అది కొందరికి రాలేదని ఆ ధరలే చెబుతున్నాయి.

పేరుకు విలువే లేదని దీని అర్థం కాదు. రెస్నిక్ ప్రభృతులు 2006లోనే ప్రకటించిన మరొక ప్రయోగంలో, అనుభవజ్ఞుడైన ఒక వర్తకుడు ఒకే రకం పాత పోస్టుకార్డులను తన పాత పేరుతోను, కొత్తగా పెట్టిన పేర్లతోను అమ్మి చూశాడు. పాత పేరుకు నూటికి 8 వంతులు అధికంగా ధర పలికింది. మనిషీ ఒక్కడే, సరుకూ ఒకటే. ఆ ఎనిమిది వంతులూ కేవలం నమ్మకానికి కట్టిన వెల. ఏళ్ళ తరబడి మాట నిలుపుకున్నందుకు ఆ మాత్రం రాబడి న్యాయమే అని మా అభిప్రాయం.

ఇంటర్నెట్ లేని చోట, ముఖాముఖి బేరంలో ఎలా ఉంటుందో జాన్ లిస్ట్ అనే ఆర్థికవేత్త చూశాడు. ఆయన తానే పూర్వం కార్డుల వర్తకుడు. కార్డుల ప్రదర్శనల్లో ఎక్కువ ధర ఇవ్వజూపి మంచి కార్డు అడిగిస్తే, ఆ ఊరి వర్తకులు కొంత మెరుగైన కార్డు ఇచ్చారు. మళ్ళీ అదే గ్రాహకుడి ముఖం చూడవలసినవారు కదా! పై ఊళ్ళ నుండి వచ్చినవారు ఎక్కువ ధర పుచ్చుకొని మామూలు కార్డే చేతిలో పెట్టారు. పాత టికెట్టు ముక్కల విషయంలో, వాటిని పరీక్షించే సంస్థ ఏర్పడక పూర్వం స్థానికులు సైతం నాణ్యతను పెద్దగా పట్టించుకోలేదు. పరీక్ష వస్తుందని తెలిసిన తరువాతనే మారారు.

అయితే పరీక్షించేవాడి ముద్రను ఎంతవరకు నమ్మాలి? సుమారు 1909–11 మధ్య సిగరెట్లతో వచ్చిన హోనస్ వాగ్నర్ కార్డు ప్రతి ఒకటి 1991లో 4,51,000 డాలర్లకు హర్రాజులో పోయింది. పీఎస్‌ఏ మార్కు వేసిన మొట్టమొదటి కార్డు అదే. పడిన మార్కు 8. 2007లో దాని ధర 28 లక్షల డాలర్లకు చేరింది. ఆ కార్డు అంచులను తానే కత్తిరించానని, పూర్వం దాని యజమానిగా ఉన్న బిల్ మాస్ట్రో 2013లో కోర్టు ఎదుట ఒప్పుకున్నాడు. నియమం ప్రకారం, అంచు కత్తిరించిన కార్డుకు మార్కే పడకూడదు. ఈ మాస్ట్రో అనామకుడు కాడు. ఆ రంగంలో అత్యంత ప్రసిద్ధి పొందిన హర్రాజు సంస్థకు అధిపతి. తన హర్రాజుల్లో దొంగ పాటలు పాడించి ధరలు పెంచిన నేరానికి 2015లో అతనికి 20 నెలల జైలుశిక్ష పడింది. ఆ సంగతిని బయటపెట్టినది గ్రాహకుల అభిప్రాయాలు కావు, అమెరికా ప్రభుత్వ దర్యాప్తు.