పేరు పక్కన రెండో సంతకం

తెనాలి

చిన్నారీ,

హాస్టళ్లలో ఉండి ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల కోసం వాట్సాప్‌లో గ్రూపు పెట్టానని రాశావు. పిలిచినవాళ్లే చేరాలన్నావు, సంతోషం. కానీ ‘కాదంటే ఏమనుకుంటారో అని అడిగిన వాళ్లందరికీ లింకు పంపేస్తున్నా పెద్దమ్మా’ అన్నావే, ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

మొహమాటం మన ఇంటి జబ్బమ్మా. నా చీటీ సంగతి నీకు తెలిసిందే. ఇరవైమంది, నెలకి 500. ఆ చీటీ పుస్తకం పోపులడబ్బా పక్కనే ఉండేది, అట్ట నిండా పసుపు వేలిముద్రలు. ఒకావిడ గుమ్మంలో నిలబడి ‘నన్నూ వేసుకోండి వదినా’ అంటే, ఎవరి తాలూకో కూడా అడక్కుండా రాసేశాను. మూడో నెల పాటలో చీటీ ఎత్తుకుంది, నాలుగో నెలకి ఇంటికి తాళం. మిగిలిన పదిహేడు వాయిదాలకీ నా గాజులు అమ్మాల్సివచ్చింది. మీ పెదనాన్న ఒక్క మాట అనలేదు. ఆ వేసవంతా సాయంత్రం పూట మల్లెపూలు మాత్రం తప్పకుండా తెచ్చేవారు. అప్పట్నుంచీ ప్రతి పేరు పక్కనా ఆ మనిషిని తెచ్చినవాళ్ల సంతకం పెట్టించాను.

 

2020లో వచ్చిన ఆ క్లబ్‌హౌస్ యాప్‌ని నాకు చూపించింది నువ్వే. ఎవరి వివరాలు చూసినా, వాళ్లని పిలిచినవారి పేరు అడుగున ఉండేది. నాకు నా పుస్తకమే గుర్తొచ్చింది. నువ్వూ అలా రాసిపెట్టుకో. లింకు చేతులు మారుతుంది. అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరేలా పెట్టుకునే వీలుంది కదా, అది పెట్టు. వాట్సాప్ 1,024 మందిని చేర్చుకోనిస్తుందని అంతమందిని నింపక్కర్లేదు. గొంతు వినకుండా ఎవర్నీ చేర్చకు. ఏ వేళకి ఏ దారిన వస్తున్నారో ఆ పిల్లలు అందులో రాసుకుంటారు. నాకు పోయింది డబ్బే తల్లీ.

మరి ఊరికి కొత్తగా వచ్చి, హామీ ఇచ్చేవాళ్లెవరూ లేని పిల్ల సంగతేంటి అంటావు. అసలు ఆ గ్రూపు కావలసింది ఆ పిల్లకే. వెళ్లి కలువు, కూర్చోబెట్టి టీ తాగించు, రెండుసార్లు మాట్లాడు. నమ్మకం కుదిరితే ఆ సంతకమేదో నువ్వే పెట్టు.

అలాంటి పిల్ల ఎవరైనా ఉంటే ఆదివారం నీతోపాటు తీసుకురా. పప్పు నానబోస్తాను, గారెలు వేసుకుందాం.

మీ పెద్దమ్మ